ఫోస్టర్ పిల్లల ఏడీహెచ్‌డీ మాత్రలు: జడ్జి అనుమతి మేలా, డాక్టర్ల నిఘా మేలా?

అమ్మానాన్నల దగ్గర పెరిగే పిల్లాడికి డాక్టరు ఏడీహెచ్‌డీకి (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్యకు) రిటాలిన్ మాత్ర రాస్తే, వేయాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలుతుంది. అమెరికాలో ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవాళ్లకు దూరంగా సర్కారు సంరక్షణలో ఉన్న పిల్లాడికి సర్కారే పెద్దదిక్కు. మరి సరేననాల్సింది ఎవరు? ప్రశ్న చిన్నదేం కాదు. అమెరికా కాంగ్రెస్‌కు ఆడిట్లు చేసే జీఏఓ సంస్థ 5 రాష్ట్రాల 2008 మెడికెయిడ్ (పేదలకు సర్కారిచ్చే ఆరోగ్య బీమా) లెక్కలు తీసింది. అందులో మిగతా పిల్లలకంటే ఫోస్టర్ పిల్లలకు సైకియాట్రీ మందులు 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువగా రాస్తున్నారని 2011లో బయటపెట్టింది. దెబ్బలు తిని, ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు వైద్యం అవసరం ఎక్కువే, కాదనను. కానీ భయంతో కుదురుగా కూర్చోలేని పిల్లాడూ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడూ క్లాసులో ఒకేలా కనబడతారు.

కాలిఫోర్నియాలో ఆ అధికారం జువెనైల్ కోర్టు జడ్జిది. మందుకు అనుమతి కోరే జేవీ-220 దరఖాస్తు అందాక 7 కోర్టు పనిదినాల్లో తేల్చాలి, లేదంటే విచారణకు పెట్టాలి. అనుమతి ఇచ్చినా 180 రోజులకు మించి చెల్లదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది జేవీ-218 ఫారం. మందు గురించి పిల్లాడే తన మాట చెప్పుకునే కాగితం అది. ఆకలి చచ్చిపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం ముందు తెలిసేది వాడికే కదా! చిక్కేమిటంటే జడ్జి డాక్టరు కాదు. పైగా మిథైల్‌ఫెనిడేట్ (రిటాలిన్‌లో ఉండే మందు ఇదే) వేసిన గంటలోపే పనిచేస్తుంది. అలాంటి మందు కోసం కొత్త బడిలో వారం రోజులు ఆగడమంటే నష్టమే.

టెక్సాస్‌లో కోర్టుగానీ పిల్లల సంరక్షణ శాఖగానీ నియమించిన ‘మెడికల్ కన్సెంటర్’ (వైద్యానికి సమ్మతి చెప్పే మనిషి) ఒప్పుకుంటే చాలు. చాలాసార్లు పిల్లాణ్ని చూసుకునేవారే ఆ మనిషి. మందు వాడుతున్నంతకాలం 90 రోజులకొకసారైనా డాక్టరుకు చూపించాలి. 2005 నుంచి రాతపూర్వక ప్రమాణాలున్నాయి: ఒకేసారి నాలుగు సైకియాట్రీ మందులు, రెండు రకాల స్టిమ్యులెంట్లు (రిటాలిన్ లాంటి మందులు), మూడేళ్లలోపు పిల్లలకు స్టిమ్యులెంట్ కనబడితే కేసు సమీక్షకు వెళ్లాలి. ఒకే మందు పొద్దున లాంగ్ యాక్టింగ్ (ఎక్కువసేపు పనిచేసేది), సాయంత్రం షార్ట్ యాక్టింగ్ (కాసేపే పనిచేసేది) ఇస్తే రెండుగా లెక్కపెట్టరు. పని తెలిసినవాళ్లు రాశారనడానికి అదే గుర్తు. కానీ ఈ సమీక్ష చాలావరకు మాత్ర మింగాక జరిగేదే. అందరికంటే ఇల్లు ప్రశాంతంగా ఉండాలని కోరుకునే మనిషే ఔననడమూ ఇబ్బందే.

నన్నడిగితే, ఒక్క స్టిమ్యులెంటే అయితే టెక్సాస్ దారి మేలు. ఆ మందు ప్రభావం గంటల్లో దిగిపోతుంది, నప్పకపోతే రేపే ఆపేయొచ్చు. దానిమీద రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక సమస్యలకిచ్చే మందు) కలిపితే మాత్రం కథ వేరు: బరువు పెరుగుతుంది, షుగరు భయం ఉంటుంది. అక్కడ జడ్జి గడప దాటాల్సిందే. జేవీ-218 లాంటి కాగితం మాత్రం రెండుచోట్లా ఉండాలి.

ఎవరు సంతకం పెట్టినా తీరని తిప్పలొకటుంది. అమెరికాలో రిటాలిన్ షెడ్యూల్-2 మందు, అంటే గట్టి నియంత్రణలో ఉండేది, రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త చీటీ కావాలి. ఇల్లు మారిన పిల్లాడి సంచిలో మాత్రలు అయిపోయేలోపు కొత్త ఊళ్లో డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకాలి.