స్పెయిన్‌లో బాబాయి ఫ్లాట్: లాయర్ల సర్వీసుకి అయిదుకి మూడున్నర

పిల్లలు లేని మా బాబాయి స్పెయిన్‌లో అలికాంతే దగ్గర కొనుక్కున్న చిన్న ఫ్లాట్‌ని నాకూ మా చెల్లికీ రాసి పోయారు. మేమిద్దరం ఆ దేశంలో అడుగు పెట్టింది లేదు. విదేశీ వారసత్వాలు చూసే ఒక లాయర్ ఆఫీసుని ఆన్‌లైన్‌లో పట్టుకుంటే, పని తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

"ప్రొబేట్ ఎప్పటికొస్తుంది?" అని మొదటి ఫోన్‌లోనే అడిగాను. వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ప్రొబేట్ అక్కడ ఉండదట, పనంతా నోటరీ దగ్గరే. నోటరీ ఎదుట వారసత్వాన్ని అంగీకరిస్తూ దస్తావేజు రాసుకోవాలి, పన్ను కట్టాలి, ఆ తర్వాతే రిజిస్ట్రీలో పేరు మారుతుంది. ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్నది మరో చిక్కు. 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ 650/2012 నిబంధన ప్రకారం, పోయిన మనిషి చివరిగా స్థిరపడిన దేశపు చట్టం చూస్తారు. కావాలనుకుంటే తన పౌరసత్వ దేశపు చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకోవచ్చు. బాబాయి ఆ ఒక్క వాక్యం రాసిపెట్టారు. అది చూసి లాయరుగారి గొంతే తేలికపడింది.

ఇక కాగితాలు. మరణ ధ్రువపత్రాన్ని నేను తొందరపడి ముందే స్పానిష్‌లోకి అనువాదం చేయించి పంపాను. తిరుగు టపాలో వచ్చేసింది. ముందు అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించాలి, తర్వాత కాగితాన్నీ దానికి అతికించిన అపోస్టిల్‌నీ కలిపి అనువదించాలి, అదీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనువాదకులే చేయాలి. లాయర్ ఆఫీసు పంపిన జాబితాలో అన్నీ ఉన్నాయి, ఏది ముందు ఏది వెనక అన్నది తప్ప. రెండోసారి ఖర్చు నాదే. పైగా వీలునామాలో చెల్లి పేరుకి ఒక 'హెచ్' ఎక్కువ పడింది. ఆ మనిషీ ఈ మనిషీ ఒక్కరేనని అఫిడవిట్ రాయించి, దానికీ అపోస్టిల్, దానికీ అనువాదం!

మెచ్చుకోవాల్సింది గడువుల విషయంలో. వారసత్వ పన్ను చనిపోయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు కట్టాలి. పొడిగింపు కావాలంటే మొదటి అయిదు నెలల్లోనే అడగాలి. మాకు ఆ ధ్యాసే లేదు. నాలుగో నెలలో వాళ్లే అర్జీ పెట్టి రసీదు పంపారు. విదేశీయులకిచ్చే ఎన్ఐఇ గుర్తింపు నంబర్లు కూడా మా పవర్ ఆఫ్ అటార్నీతో వాళ్లే తెచ్చారు. మాకు విమానం ఎక్కే పని పడలేదు.

డబ్బు దగ్గర మాత్రం మనసు విరిగింది. స్థలం విలువ పెరిగినందుకు మున్సిపాలిటీకి కట్టే 'ప్లస్‌వాలియా' పన్ను మొదటి అంచనాలో లేనే లేదు. నిలదీస్తే "అది పన్ను కదండీ, మా ఫీజు కాదు" అన్నారు. జేబు ఒకటే కదా! బాబాయి బ్యాంకు ఖాతా స్తంభించిపోయి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బకాయి పడిందని కూడా, నోటీసు వచ్చాక మేమే వాళ్లకి చెప్పాం.

పోయిన వారం రిజిస్ట్రీ కాగితం వచ్చింది. చెల్లి పేరులో ఆ 'హెచ్' మళ్లీ ఉంది. దిద్దించమని మెయిల్ పెడితే, ఈసారి అదే రోజు జవాబిచ్చారు.