కాకినాడ తీరం, హోప్ ఐలాండ్: ఏళ్ల తరవాత మరోసారి

విశాఖ రుషికొండనో, బాపట్ల దగ్గరి సూర్యలంకనో మనసులో పెట్టుకుని కాకినాడకు వచ్చేవారు మొదటి రోజే కొంత నిరాశపడతారు. ఓడరేవు వైపు నిలబడి చూస్తే ఇక్కడి నీరు చెరువులా ఉంటుంది. నగరానికీ బంగాళాఖాతానికీ మధ్య దాదాపు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని, అలల తాకిడిని తానే భరించడం అందుకు కారణం. ఇంజనీరింగ్ చదువు పేరుతో ఈ ఊళ్లో నాలుగేళ్లు గడిపి, ఆ తరవాత వీలు చిక్కినప్పుడల్లా వస్తూ, మధ్యలో చాలా ఏళ్లు రాలేకపోయి, ఇటీవల ఒక శీతాకాలంలో కుటుంబంతో మళ్లీ వెళ్లివచ్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఊరి బీచ్ బాగుపడింది కానీ దానికోసమే రానక్కరలేదు. ద్వీపం చూడదగినదే, అయితే అందరికీ కాదు. ఈ రెంటినీ మించినది కోరంగి మడ అడవి.

వాకలపూడి లైట్‌హౌస్ దాటి ఉత్తరంగా సాగే బీచ్ మా రోజుల్లో ఇసుక, నాలుగు బజ్జీల బండ్లు, సాయంత్రం ఆరు దాటితే చీకటి. ఇప్పుడు పార్కు, దీపాలు, పిల్లల ఆటవస్తువులు, కూర్చోవడానికి చోటు, బండి నిలుపుకునేందుకు స్థలం అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది నిజమైన సౌకర్యమే. కానీ సెలవు రోజు సాయంత్రం జనం, మైకుల గోల చూస్తే సముద్రం వెనక్కి తగ్గి, తీర్థంలో నిలబడినట్టు అనిపిస్తుంది. ఉదయం ఏడు లోపు వెళ్లడం మేలు.

అక్కడినుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మాత్రం మనసును కలవరపెట్టింది. ఒకప్పుడు మేము సైకిళ్ల మీద వెళ్లిన దారికీ సముద్రానికీ మధ్య ఇసుక, గుడిసెలు, ఆరబెట్టిన వలలు ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల రోడ్డు అంచునే రాళ్ల గుట్టలు, వాటిని ఆనుకుని అల. కోత ఆపడానికి వేసిన జియోట్యూబులు (ఇసుక నింపిన భారీ సంచులు) కూడా చివరికి సముద్రానికి లొంగిపోయాయి. గోదావరి మీద ఆనకట్టలు, ఎగువన జలాశయాలు ఒండ్రును పట్టి ఉంచడం ఒక కారణమైతే, దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంబడి కదిలే ఇసుకను హోప్ ఐలాండే ముందుగా పట్టుకోవడం మరో కారణమని ఈ తీరాన్ని పరిశీలించినవారు చెబుతారు. కాకినాడను కాచే ద్వీపమే ఉప్పాడకు ఇసుక అందకుండా చేస్తోందన్న మాట. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ఈ దారిలో ప్రయాణం పెట్టుకోకండి. మామూలు రోజుల్లో వెళితే ఉప్పాడలో జాంధానీ చీరల నేత చూడవచ్చు. మా ఇంట్లోవారికి ఆ గంట సముద్రం కన్నా ఎక్కువ నచ్చింది.

ఇక ద్వీపం. ఇది రాతి దీవి కాదు. గౌతమీ గోదావరి తెచ్చిన ఒండ్రును ప్రవాహాలు ఉత్తరానికి తోయగా గత రెండు వందల ఏళ్లలో పెరిగిన ఇసుక మేట. లోపలి వైపు నిశ్చలమైన కాకినాడ అఖాతం, బయటి వైపు అసలైన సముద్రం, మధ్యలో సరుగుడు చెట్లు, రావణాసురుడి మీసాలనే ఇసుక గడ్డి, అక్కడక్కడ మత్స్యకారుల పాకలు. చదువుకునే రోజుల్లో జగన్నాథపురం వైపు తెలిసినవారి నావలో వెళ్లి, వాళ్లు వండిన చేపల పులుసు తిని వచ్చేవాళ్లం. ఇప్పుడు అలా కుదరదు, కుదరకూడదు కూడా. ఈ ద్వీపం 1978లో ఏర్పాటైన కోరంగి అభయారణ్యంలో భాగం. జనవరి మొదలు వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది బయటి వైపు ఇసుకలోనే. కాబట్టి అటవీశాఖ వారిని ముందే అడిగి, అనుమతి ఉన్న పడవలో, పగటిపూట మాత్రమే వెళ్లాలి.

మేము మొదట మాట్లాడుకున్న పడవవాడు బయానా పుచ్చుకుని, ఆటు సమయం చూసుకోకుండా బయలుదేరదీసి, కాలువలో పడవ బురదకు తగలగానే వెనక్కి తిప్పేశాడు. బయానా తిరిగి రాలేదు. అందువల్ల బేరం కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఆ రోజు పోటు ఎన్ని గంటలకు అన్నదే. మర్నాడు మరొక పడవలో ఏ ఇబ్బందీ లేకుండా చేరుకున్నాం. ద్వీపం మీద నీడ తక్కువ, దుకాణం లేదు, మంచినీరు మనమే మోసుకెళ్లాలి. బయటి వైపు ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు, తెగిన నైలాన్ వలలు నేను ఊహించినదానికన్నా ఎక్కువ. రెండు చచ్చిన తాబేళ్లు కూడా కనబడ్డాయి. పడవలు ఈడ్చుకుపోయే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోవడం ఈ తీరమంతటా జరిగేదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే చేపల వేట విరామం మొదలయ్యేసరికే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు చాలావరకు గడిచిపోతాయి. వినోదం కోసం వచ్చిన మా అన్నయ్య పిల్లలు అరగంటకే విసిగిపోయారు. నాకు మాత్రం ఒకవైపు కదలని నీరు, రెండోవైపు విరుచుకుపడే అల, మధ్యలో ఈ కాస్త ఇసుక చూశాక, పెద్ద తుఫానులప్పుడు ఈ దిబ్బ కాకినాడకు ఎంత అండో అర్థమైంది. 1996 నవంబరు తుఫానులో గోదావరి ముఖద్వారం దగ్గరి మత్స్యకార గ్రామాలు ఎంతగా నష్టపోయాయో ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కోరంగిని చివరికి ఉంచుకున్నది కావాలనే. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, చొల్లంగి అమావాస్యకు సప్తసాగర యాత్ర మొదలయ్యే ఆ ప్రాంతంలోనే, మడ చెట్ల మధ్యగా చెక్కల నడకదారి వేశారు. మేము చదువుకునే రోజుల్లో ఇది లేదు. బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేర్లను, బురద మీద గెంతే చేపలను, ఎర్రటి పీతలను కాలికి మట్టి అంటకుండా ఇంత దగ్గరగా చూడగల చోటు మన తీరంలో అరుదు. తిల్ల చెట్టు పాలు కళ్లలో పడితే ప్రమాదం కనుక పిల్లల్ని కొమ్మలు విరవనీయకండి. బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) కనబడుతుందని బోర్డు చూసి ఆశపడవద్దు. అది రాత్రి తిరిగే జంతువు. నీటిపిల్లులు (ఆటర్లు) మాత్రం ఉదయం పూట కనబడ్డాయి. కొన్ని చోట్ల చెక్కలు వదులయ్యాయి, దోమలు విపరీతం, మరుగుదొడ్ల శుభ్రత అంతంత మాత్రం. అయినా నేను మళ్లీ వెళితే ముందు వెళ్లేది ఇక్కడికే.

రెండు రోజులు చాలు. మొదటి ఉదయం కోరంగి, పోటు అనుకూలిస్తే అదే రోజు ద్వీపం, రెండో రోజు ఉప్పాడ. డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం, మే నెలలో ఉక్క. భోజనానికి సుబ్బయ్య హోటల్ దగ్గర పన్నెండున్నరకే చేరుకోండి, ఆ తరవాత నిలబడవలసి వస్తుంది. ఇంటికి కాజాలు కొనేవారు గొట్టం కాజానే అడగండి, మడత కాజా తాపేశ్వరంలో దొరుకుతుంది.