ఆక్సాన్‌లో మైటోకాండ్రియా కదలిక కొలవడానికి ఏది మేలు: డైయా, జన్యు ట్యాగా?

హైదరాబాద్ ల్యాబుల్లో, హబ్సిగూడ నుంచి గోపనపల్లి దాకా, న్యూరాన్ కల్చర్‌తో (డిష్‌లో పెంచిన నాడీకణాలతో) పని మొదలుపెట్టేవాళ్లకు ఈ ప్రశ్న త్వరగానే ఎదురవుతుంది. మైటోకాండ్రియాకు మైటోట్రాకర్, టీఎంఆర్ఎం లాంటి డై (మెరిసే రంగు) వేసి చూడాలా, లేక మెరిసే ప్రోటీన్ జన్యువును కణంలోకి ఎక్కించాలా (ఇదే జన్యు ట్యాగ్)? కణంలో సరుకు మోసే మోటార్ ప్రోటీన్ల గురించి ఏదైనా తేల్చాలంటే మాత్రం జన్యు ట్యాగే మేలు. డై పనికిరానిదేం కాదు, కానీ అది చెప్పేది వేరే సంగతి.

ఆక్సాన్ అంటే న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తీగ. అందులో పట్టాల్లాంటి మైక్రోట్యూబ్యూళ్ల ప్లస్ కొనలన్నీ బయటి వైపే ఉంటాయి. కైనెసిన్-1 అనే మోటార్ మైటోకాండ్రియాను అటు మోసుకెళ్తుంది, డైనీన్ అనే మోటార్ కణదేహం వైపు తెస్తుంది. రెండూ మైటోకాండ్రియా పైపొర మీదున్న మిరో అనే ప్రోటీన్‌కు ట్రాక్ అనే అడాప్టర్ ద్వారా తగులుకుంటాయి. కైనెసిన్ అడుగు 8 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణ ఇంధనం) ఖర్చు. ఎదిగిన ఆక్సాన్‌లో ఏ క్షణాన చూసినా కదిలేవి సుమారు మూడో వంతు, తరచుగా అంతకన్నా తక్కువే. మిగతావాటిలో చాలావాటిని సింటాఫిలిన్ అనే ప్రోటీన్ కట్టేసి ఉంచుతుంది. కదిలేవే కొన్ని కాబట్టి, నాలుగైదు కంటికి ఆనకపోయినా శాతం తారుమారవుతుంది.

డైతో పని తేలిక. మైటోట్రాకర్ రెడ్ అయితే 25 నానోమోలార్ గాఢత, పావుగంట, గోరువెచ్చని మీడియంతో రెండుసార్లు కడగడం, అంతే. టీఎంఆర్ఎం 20 నానోమోలార్‌లో అరగంట ఉంచాలి. దాన్ని కడిగేయకూడదు, ఇమేజింగ్ మీడియంలోనూ అంతే మోతాదు ఉండాలి. చిక్కు ఎక్కడంటే, ఈ రెండూ మైటోకాండ్రియాలోకి చేరేది పొర పొటెన్షియల్ (పొరకు అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా) బలంతోనే. మీరు వేసిన మందు పొటెన్షియల్‌ను తగ్గిస్తే టీఎంఆర్ఎం బయటికి కారిపోతుంది, చుక్క మసకబారుతుంది, మీ లెక్కలోంచి జారిపోతుంది. రాత్రిపూట మెహిదీపట్నం రోడ్డు మీద లైట్లు ఆరిన బస్సు కనబడకపోతే అది ఆగిపోయిందనుకున్నట్టే. తప్పు కైనెసిన్ మీదికి వెళ్తుంది. మిరో, ట్రాక్‌ల మీద పనిచేసేవాళ్లు ఈ ఒక్క కారణంతోనే డైని పక్కన పెట్టాలి.

రెండో ఇబ్బంది దిశది. డై డిష్‌లోని ప్రతి కణానికీ, న్యూరాన్లకు తోడుండే గ్లియా కణాలకూ పడుతుంది. పది ఆక్సాన్లు అల్లుకున్నచోట కణదేహం ఎటుందో తెలియదు, ఏది కైనెసిన్ పనో ఏది డైనీన్ పనో విడదీయలేం. ఆక్సాన్లు సన్నని గాడుల గుండా పెరిగే మైక్రోఫ్లూయిడిక్ ఛాంబర్ ఉంటే ఈ ఇబ్బంది తీరుతుంది, ఎందుకంటే గాడిలో ఆక్సాన్ ఎటు నుంచి వచ్చిందో ముందే తెలుసు.

జన్యు ట్యాగ్‌లో కాక్స్-8 ప్రోటీన్ ముందు వరుసను (మైటోకాండ్రియాకు చేర్చే చిరునామా) తగిలించిన డీఎస్‌రెడ్ (ఎరుపు) లేదా జీఎఫ్‌పీ (ఆకుపచ్చ) అనే మెరిసే ప్రోటీన్ వాడతారు. కాల్షియం ఫాస్ఫేట్ పద్ధతిలో నూటికి ఒకటి రెండు న్యూరాన్లకే ఎక్కుతుంది. ఇది లోపంలా కనిపించినా ఇక్కడ కలిసొస్తుంది: చీకట్లో ఒక్క ఆక్సాన్ మెరుస్తుంది, దాన్ని కణదేహం దాకా వెతుక్కుంటూ వెళ్లొచ్చు. డీఎన్ఏ ఎక్కువ వేస్తే మాత్రం మైటోకాండ్రియా ఉబ్బి కేంద్రకం చుట్టూ ముద్దకడతాయి. అలాంటి కణాలను వదిలేయండి, తర్వాతిసారి డీఎన్ఏ తగ్గించండి. ఎక్కించాక ఒకటి నుంచి మూడు రోజుల్లోపు చూడాలి. రీకాంబినెంట్ పని కాబట్టి సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే కావాలి. డైకి ఆ తతంగం లేదు.

వానాకాలంలో డైకి మన ఊళ్లో ఇంకో బెడద ఉంది. మైనస్ 20 నుంచి తీసిన వయల్‌ను వెంటనే తెరిస్తే తేమ లోపలికి దిగుతుంది, డై కరిగించిన డీఎంఎస్ఓ ద్రావణి దాన్ని పీల్చుకుంటుంది, డై బలం తగ్గుతుంది. చిన్న చిన్న వాటాలుగా పంచి పెట్టుకోండి, గది వేడికి వచ్చాకే మూత తీయండి.

ఏది వాడినా డిష్ 37 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏసీ గదిలో 22 డిగ్రీలకు మోటార్లు బాగా నెమ్మదిస్తాయి. స్టేజ్ హీటర్‌ను కనీసం రెండు గంటల ముందు వేయకపోతే ఫోకస్ జారుతూనే ఉంటుంది. కైమోగ్రాఫ్‌లో (అడ్డంగా ఆక్సాన్ పొడవు, కిందికి కాలం చూపే చిత్రంలో) నిలువు గీత అంటే ఆగినది, వాలు గీత అంటే కదిలేది, వాలే వేగం.

పొటెన్షియల్ గురించి కూడా తెలుసుకోవాలంటే రెండూ కలిపి వాడండి: ఆకుపచ్చ ట్యాగ్, దానిపై ఎరుపు రంగు 20 నానోమోలార్ టీఎంఆర్ఎం. ఎరుపు ఆరినా పచ్చ చుక్క నడుస్తుంటే మోటార్ బాగానే ఉన్నట్టు. ఎరుపు ఉండగానే పచ్చ చుక్కలు ఒక్కసారిగా ఆగితే కాల్షియం చూడండి. అది మిరోకు అంటుకుంటే బండి ఆగుతుంది. ఇమేజింగ్ లేజర్ దెబ్బను మాత్రం ముందే అనుమానించాలి, టీఎంఆర్ఎం ఉన్నప్పుడు మరీను. మందు వేయని డిష్‌ను 2 సెకన్లకో ఫ్రేమ్ చొప్పున అయిదు నిమిషాలు తీసి, మొదటి నిమిషం వేగాన్ని చివరి నిమిషంతో పోల్చండి. చివర్లో వేగం పడిపోయి, చుక్కలు గుండ్రబడితే లైటు ఎక్కువైంది. పవర్ సగానికి తగ్గించి, ఫ్రేముల మధ్య వ్యవధి 3 సెకన్లకు పెంచి, కొత్త డిష్‌తో మళ్లీ తీయండి.