ఓజోన్‌ను అదుపు చేయాలంటే వీఓసీల బరువు చూడాలా, చురుకు చూడాలా?

ఒక స్ప్రే పెయింట్ డబ్బాలో 100 గ్రాముల మెటా జైలీన్, ఇంకో డబ్బాలో 100 గ్రాముల అసిటోన్ ఉన్నాయనుకుందాం. రెండూ సాల్వెంట్లే (రంగును కరిగించే ద్రావకాలు), రెండూ ఆవిరై గాల్లో కలిసేవే. ఇలా తేలిగ్గా ఆవిరయ్యే కర్బన పదార్థాలనే వీఓసీలంటారు. బరువు ప్రకారం తేడా లేదు. ఎండలో అవి పుట్టించగల ఓజోన్ (నేల దగ్గర ఊపిరితిత్తులకు చెరుపు చేసే వాయువు) మాత్రం వేరు: జైలీన్ 970 గ్రాముల పైచిలుకు, అసిటోన్ 40 గ్రాముల లోపే. నియమం రాసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోవాలా, వద్దా?

ఓజోన్‌ను ఏ పొగగొట్టమూ నేరుగా వదలదు. ఎండకు నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోయి, ఊడిన ఆక్సిజన్ పరమాణువు ఓజోన్‌గా మారుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను తిరిగి మింగేస్తుంది. అక్కడితో లెక్క సరిపోవాలి. మధ్యలో వీఓసీలు దూరడంతోనే పేచీ. అవి గాలిలోని హైడ్రాక్సిల్ రాడికల్‌తో (దేనితోనైనా చటుక్కున కలిసిపోయే అణుశకలం) కలిసి విరిగేటప్పుడు పుట్టే పెరాక్సీ రాడికళ్లు అనే మరికొన్ని శకలాలు, ఓజోన్ ఖర్చు కాకుండానే నైట్రిక్ ఆక్సైడ్‌ను మళ్లీ డయాక్సైడ్ చేస్తాయి. దాంతో ఓజోన్ పేరుకుపోతుంది. ఈ పని ఏ వీఓసీ ఎంత వేగంగా, ఎన్నిసార్లు చేయిస్తుందన్నదే దాని చర్యాశీలత, అంటే చురుకు. ప్రొపిలీన్ హైడ్రాక్సిల్‌తో కలిసే వేగం ఈథేన్ కంటే దాదాపు 100 రెట్లు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కార్టర్ దీనికి ఎంఐఆర్ అనే కొలత కట్టారు. నైట్రోజన్ ఆక్సైడ్లు (పైన చెప్పిన నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్) పుష్కలంగా ఉన్న గాలిలోకి ఒక గ్రాము వీఓసీ ఎక్కువగా వదిలితే ఎన్ని గ్రాముల ఓజోన్ పెరుగుతుందో ఇది చెబుతుంది. ఈథేన్‌కు సుమారు 0.3, టోలుయీన్‌కు 4, ఇథిలీన్‌కు 9.

బరువు పద్ధతికి ఉన్న బలం సులువు. ఎంత ఆవిరైందో తూచితే చాలు. చర్యాశీలత పద్ధతిలో డబ్బాలో ఏమేం ఉన్నాయో పూర్తి చిట్టా కావాలి. కంపెనీలు దాన్ని వ్యాపార రహస్యం అంటాయి. పైగా కొత్త పరిశోధన వచ్చినప్పుడల్లా అంకెలు మారతాయి.

కానీ బరువు పద్ధతికి కళ్లు లేవు. జైలీన్‌ను 20 శాతం తగ్గించిన వ్యాపారికి మెచ్చుకోలు దక్కుతుంది. బరువు అంతే ఉంచి, జైలీన్ బదులు టోలుయీన్ వాడినవాడికి ఏమీ దక్కదు. ఓజోన్ పరంగా రెండోవాడే ఎక్కువ మేలు చేశాడు: సగానికి పైగా తగ్గించాడు.

ఈ వాదన కొత్తదేం కాదు. లాస్ ఏంజెలెస్‌లో 1966లోనే రూల్ 66 పేరుతో చురుకైన సాల్వెంట్లను వేరు చేసి కట్టడి చేశారు. తర్వాత ఒక చిక్కు బయటపడింది. మందకొడి వీఓసీలు ఊరు దాటి గాలివాటున వెళ్లి, రెండో రోజో మూడో రోజో ఇంకోచోట ఓజోన్ చేస్తున్నాయి. అందుకే 1977లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ బరువు వైపు మొగ్గి, మరీ మందకొడివాటికే మినహాయింపు ఇచ్చింది. అలా మినహాయించినవాటిలో మిథైల్ క్లోరోఫామ్ ఒకటి. నేల దగ్గర అది అమాయకురాలే. పైన స్ట్రాటోస్ఫియర్‌లో మాత్రం మనల్ని కాపాడే ఓజోన్‌నే తింటుందని తేలి, చివరికి మాంట్రియల్ ఒప్పందం కింద దాని తయారీ ఆపాల్సి వచ్చింది. బెంజీన్ సంగతీ ఇలాంటిదే. ఎంఐఆర్ ఒకటి కంటే తక్కువ, కానీ క్యాన్సర్ కారకం. చురుకు తక్కువని దాన్ని వాడమని ఎవరూ చెప్పకూడదు.

ఇన్ని మెలికలున్నా, సరుకులో ఏముందో తెలిసినచోట నా ఓటు చర్యాశీలతకే. కాలిఫోర్నియా 2000లో స్ప్రే పెయింట్లకు ఈ లెక్కనే పెట్టింది. 2008లో ఈపీఏ దేశమంతటికీ తెచ్చింది. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో 2000లో విమానాలతో కొలిస్తే, పెట్రోకెమికల్ కర్మాగారాల నుంచి వచ్చే ఇథిలీన్, ప్రొపిలీన్ వల్లే ఓజోన్ చకచకా పెరుగుతోందని తేలింది. ఆ తర్వాత టెక్సాస్ అత్యంత చురుకైన వీఓసీలకు ప్రత్యేక నియమాలు పెట్టింది. అలాంటి చోట మొత్తం బరువు తగ్గిస్తూ కూర్చోవడం వృథా శ్రమ. చిట్టా దొరకని చిన్నాచితకా వనరులకు మాత్రం బరువే దిక్కు.

రెండూ పనికిరాని చోట్లూ ఉన్నాయి. చెట్లు వదిలే ఐసోప్రీన్ ఎంఐఆర్ 10 దాటుతుంది. అడవి దట్టంగా ఉన్న ప్రాంతంలో మనిషి వదిలే వీఓసీలను ఎంత తగ్గించినా చెట్లవి మిగిలే ఉంటాయి. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లనే కోయాలి. వాహనాలు కిక్కిరిసిన నగరం నడిబొడ్డున అదే పని చేస్తే మొదట్లో ఓజోన్ పెరగొచ్చు కూడా, ఎందుకంటే దాన్ని మింగే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. అలాంటి నగరంలో, ఆ తగ్గింపు ఫలించేదాకా, ముందుగా పట్టాల్సింది జైలీన్, ప్రొపిలీన్ లాంటివాటిని.