కుక్క అల్లరి మాన్పించాలంటే ఏది మేలు: తిట్టడమా, పట్టించుకోకపోవడమా, ట్రీటా?

కుక్క మాట వినట్లేదు అని ఎవరికి చెప్పినా తిరిగొచ్చే సలహాలు మూడే. గట్టిగా కసిరి రెండు తగిలించు అనేవాళ్లు కొందరు, అసలు పట్టించుకోకు అదే మానేస్తుంది అనేవాళ్లు కొందరు, మంచిగా ఉన్నప్పుడల్లా ట్రీట్, అంటే రుచైన తిండి ముక్క, పెట్టు అనేవాళ్లు ఇంకొందరు. నా ఓటు ట్రీట్‌కే, కాకపోతే అది ఒక్కటే సరిపోదు, ఎందుకో చెప్తా.

ముందు తిట్టడం సంగతి. అస్సలు పని చెయ్యదు అంటే అబద్ధమే, ఆ నిమిషానికి చేస్తుంది, చెప్పు ఎత్తితే ఏ కుక్కైనా ఆగుద్ది. కానీ ఎందుకు తిట్టామో దాని బుర్రకి ఎక్కదు. హాల్లో ఉచ్చ పోసింది, మీరు అరగంట తర్వాత చూసి మూతి పట్టుకుని అందులో రుద్దారనుకోండి, నేల తడిగా ఉన్నప్పుడు ఈ మనిషి వస్తే నాకు మూడింది అని నేర్చుకుంటుంది, అంతే. ఆ తర్వాత సోఫా వెనక్కి పోయి పోస్తుంది, కొన్నైతే బయటకి తీసుకెళ్లినా మన ఎదురుగా పొయ్యడానికి భయపడి బిగబట్టుకుని ఇంటికొచ్చాక కానిచ్చేస్తాయి. "లేదండీ, మా వాడికి తెలుసు, తప్పు చేస్తే చెవులు వెనక్కేసి తల దించుకుంటాడు" అంటారు చాలామంది. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు సరిగ్గా ఇదే పరీక్ష పెట్టింది, ట్రీట్ ముట్టుకోవద్దని యజమానితో కుక్కకి చెప్పించి, యజమానిని గదిలోంచి పంపించి, తిరిగొచ్చాక కొన్నిసార్లు కుక్క తినకపోయినా తినేసిందనే యజమానికి చెప్పింది. ఆ దొంగమొహం కుక్క తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిడితే వచ్చింది.

ఇంకా డేంజర్ గుర్రుమన్నందుకు కొట్టడం. గిన్నె దగ్గరకి వెళ్తే గుర్రుమందంటే "దగ్గరకి రాకు, నాకు భయంగా ఉంది" అని ముందే చెప్తోందన్నమాట. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, లోపల భయం మాత్రం అలాగే ఉంటది, ఒకరోజు చప్పుడు లేకుండా పట్టేస్తుంది, అప్పుడు "ఏ వార్నింగూ ఇవ్వకుండా కరిచిందండీ" అంటాం. దానికన్నా అది తింటున్నప్పుడు కాస్త దూరం నుంచే ఇంకా రుచైన ముక్క ఒకటి గిన్నె వైపు విసిరి వెళ్లిపోవడం మేలు, మనిషి వస్తే గిన్నె పోదు, ఇంకా ఏదో వస్తుంది అని అలవాటవుతుంది. ఆల్రెడీ పళ్లు చూపించే కుక్కతో, ఇంట్లో చిన్నపిల్లలున్నప్పుడు, సొంతంగా ప్రయోగాలొద్దు, ట్రైనర్‌ని పిలవండి. అన్నట్టు "నువ్వే ఆల్ఫా (గుంపుకి బాస్) అని చూపించు, వెల్లకిలా పడేసి నొక్కిపట్టు" అనే సలహా ఇంకా తిరుగుతోంది, దాని మూలం బోనులో పెట్టిన తోడేళ్ల మీద 1947లో వచ్చిన పరిశీలన, ఆ ఆల్ఫా మాటని బాగా పాపులర్ చేసినవాళ్లలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ కూడా 1999లో అడవి తోడేళ్ల గుంపు అంటే మామూలుగా అమ్మానాన్నా పిల్లలే అని రాశాడు.

పట్టించుకోకపోవడం అన్నిటికీ పనికొచ్చేది కాదు, కొన్నిటికి మాత్రం సూపర్. మన కోసం చేసే అల్లరైతే, అంటే మీదకి దూకడం, తినేటప్పుడు పక్కన కూర్చుని అడుక్కుంటూ మొరగడం, వీటికి మనం చూడటమే బహుమానం, "ఏయ్ దిగు" అని తోసినా అది ఆటే అనుకుంటుంది. అటు తిరిగి నిలబడండి, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే పలకరించండి. కాకపోతే మానే ముందు ఒకసారి బాగా ఎక్కువ చేస్తుంది, ఇన్నాళ్లూ పనిచేసింది ఇప్పుడెందుకు చెయ్యట్లేదని ఇంకా గట్టిగా మొరుగుతుంది, సరిగ్గా అక్కడే విసుగొచ్చి ఒక ముక్క పడేశారా, ఇంత గట్టిగా మొరిగితేనే ఇస్తారన్నమాట అని నేర్పినట్టే. ఇంట్లో నలుగురు ఒక మాట మీద లేకపోతే ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే బెటర్. కిటికీలోంచి మనుషుల్ని చూసి మొరగడం, చెప్పులు కొరకడం, మొక్కలు తవ్వడం లాంటివాటికి ఇది దండగ, ఆ పనిలోనే దానికి మజా ఉంది, మనం చూస్తే ఎంత చూడకపోతే ఎంత.

ట్రీట్ అంటే లంచమేగా అంటారు. ముందే చూపించి బతిమాలితే లంచమే, చేశాక ఇస్తే జీతం. టైమింగ్ ముఖ్యం, చేసిన ఒకట్రెండు సెకన్లలో అందాలి, కూర్చుంది కదా అని మీరు డబ్బా వెతుక్కునేలోపు అది లేచి నిలబడితే లేచినందుకు ఇచ్చినట్టవుతుంది. "చెయ్యొద్దు" కంటే "ఇది చెయ్యి" తొందరగా ఎక్కుద్ది, బెల్ మోగగానే దాని చాప మీదకెళ్లి కూర్చోవడం నేర్పితే మీదకి దూకే ఛాన్సే ఉండదు. లోటు ఏంటంటే టైం పడుతుంది, ఇంకోటి లావెక్కుతుంది, రోజు తిండిలో పది శాతం దాటనివ్వకండి, గోరంత ముక్క చాలు.

దీనికి తోడు అవకాశమే లేకుండా చెయ్యాలి. చెప్పులు అల్మారాలో పెట్టండి, కిటికీ కింద సగానికి కాయితం అంటించండి. పిల్లకుక్కకి పళ్లు మారేది దాదాపు ఆరేడు నెలల వయసు వరకూ కాబట్టి కొరకడం ఎలాగూ ఆగదు, కొరకడానికి బొమ్మ ఇవ్వండి. లీష్ (మనం పట్టుకునే తాడు) లాగేవాటికి ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి వేసే పట్టీ) వెయ్యండి, ముళ్ల కాలర్, కరెంట్ షాక్ ఇచ్చే షాక్ కాలర్ జోలికి పోవద్దు, వేల్స్‌లో షాక్ కాలర్లని 2010లోనే బ్యాన్ చేశారు.

ఒంటరిగా వదిలేస్తే ఏడ్చి తలుపు గీకి రక్తాలు తెచ్చుకునే కుక్కకి మాత్రం ఈ మూడూ సరిపోవు, అది అల్లరి కాదు, ఒక రకం పానిక్. క్షణాలతో మొదలుపెట్టి నెమ్మదిగా టైం పెంచుతూ అలవాటు చెయ్యాలి, అవసరమైతే వెట్ (పశువుల డాక్టర్) మందులు కూడా ఇస్తారు. అలాగే ఇన్నేళ్లూ బుద్ధిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో ఉచ్చ పోస్తున్నా, ముట్టుకుంటే కసురుకుంటున్నా ముందు వెట్‌కి చూపించండి, యూరిన్ ఇన్ఫెక్షనో కీళ్లనొప్పో ఉంటే ఏ ట్రైనింగూ పని చెయ్యదు.