నైఫై మేలా, నోడ్-రెడ్ మేలా? పల్ప్ ఫ్యాక్టరీ కాటా డేటాకి ఏది పెట్టాల

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్లు లైన్ కట్టినప్పుడు కాటా దగ్గర డేటా ఆగిందంటే గొడవ మామూలుగా ఉండదు, ఎందుకంటే ఆ కాటా స్లిప్పుని బట్టే రైతుకి డబ్బులు. తిరుపతిలో ఇంజనీరింగ్ అయిపోయి ఇట్లాంటి పనులు ఒప్పుకుంటా ఉండే తమ్ముళ్ళు అడిగేది ఒకటే, "అన్నా, నైఫై, నోడ్-రెడ్ అని బాక్సులు లాగి గీతలు కలిపి డేటాని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే టూల్స్ శానా ఉండాయి కదా, ఏది నేర్చుకునేది?" అని. ఫీచర్ల లిస్టు చూసి తేల్చుకోవద్దంటాను నేను. డేటా యాడో ఒకచోట ఇరుక్కున్నప్పుడు అది యాడ ఇరుక్కుందో ఏ టూల్ చూపిస్తుంది, కరెంటు పోయి వస్తే ఏ టూల్ దగ్గర డేటా మిగిలుంటుంది, ఈ రెండే చూడండి.

ముందు నోడ్-రెడ్. 2013లో ఐబీఎంలో పుట్టింది, నోడ్ జేఎస్ మీద నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా హాయిగా పరిగెత్తుతుంది, బ్రౌజర్లో 1880 పోర్టు కొడితే కాన్వాస్ (బాక్సులు గీసే పేజీ) వచ్చేస్తుంది. కాటా ఇండికేటర్ (బరువు చూపించే డబ్బా) నుంచి సీరియల్ కేబుల్లో బరువు చదవాలంటే దీనికి మించింది లేదు. కానీ సీరియల్ నోడ్ (ఇందులో బాక్సుని నోడ్ అంటారు) మామూలుగా న్యూలైన్ అక్షరం దగ్గర మెసేజ్‌ని విరుస్తుంది, కొన్ని ఇండికేటర్లు న్యూలైన్ పంపవు, వేరే అక్షరంతో ముగిస్తాయి, అప్పుడు బరువు అసలు రాదు, లేదా అన్నీ కలిసిపోయి వస్తాయి, అది చూసి కేబుల్ పోయిందనుకుని కొత్త కేబుల్ కొనేవాళ్ళు ఉండారు. బాడ్ రేటు (కేబుల్లో డేటా వేగం), ముగింపు అక్షరం రెండూ ఇండికేటర్ మాన్యువల్లో చూసి పెడితే అయిపోతుంది.

ఇంకోటి, మనం కోడ్ రాసుకునే ఫంక్షన్ నోడ్‌లో చివర రిటర్న్ రాయకపోతే ఎర్రర్ కూడా రాదు, మెసేజ్ అక్కడే ఆగిపోతుంది. డీబగ్ నోడ్ మామూలుగా పేలోడ్ (మెసేజ్‌లో అసలు డేటా) ఒక్కటే చూపిస్తుంది, టాపిక్, టైము అన్నీ కావాలంటే కంప్లీట్ మెసేజ్ ఆబ్జెక్ట్ అని మార్చుకోవాల. ఎర్రర్లు పట్టుకునే క్యాచ్ నోడ్ ఒకటి పెట్టుకోండి, లేకపోతే ఎర్రర్లు సైడ్‌బార్లో ఎవరూ చూడకుండా జారిపోతాయి. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎడిటర్‌కి పాస్‌వర్డ్ ఉండదు, సెట్టింగ్స్ ఫైల్లో అడ్మిన్ ఆథ్ మీరే పెట్టుకోవాల, ఫ్యాక్టరీ వైఫైలో ఎవరైనా దూరొచ్చు కాబట్టి ఇది మర్చిపోకండి.

నోడ్-రెడ్ అసలు బలహీనత ఏందంటే, దారిలో ఉండే మెసేజ్‌లన్నీ మెమరీలోనే ఉంటాయి. డేటాబేస్ నిదానిస్తే లోపల పేరుకుంటా పోతాయి, ఆపమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, కరెంటు పోతే అంతా గోవిందా. సీజన్ టైములో మన కరెంటు సంగతి మీకు తెలిసిందే.

నైఫై కథ వేరే. అమెరికా గూఢచార సంస్థ ఎన్ఎస్ఏలో నయాగరా ఫైల్స్ అనే పేరుతో పుట్టి, 2014లో అపాచీ అనే ఓపెన్ సోర్స్ సంస్థకి ఇచ్చేశారు. ఇందులో రెండు ప్రాసెసర్ల (బాక్సులకి ఇక్కడ పేరు అది) మధ్య ఉండే ప్రతి గీతా ఒక క్యూ, ఆ క్యూలో డేటా డిస్క్ మీద ఉంటుంది, కాబట్టి మిషన్ ఆగి లేచినా ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. (మరీ సడన్‌గా కరెంటు పోతే చివరి కొన్ని రికార్డులు తేడా రావచ్చు, ఫ్లోఫైల్ అంటే ఒక్కో డేటా ముక్క, వాటి రిపాజిటరీకి ప్రతిసారీ వెంటనే డిస్క్ మీదకి రాయించే ఆల్వేస్ సింక్ అనే సెట్టింగు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది కదా, అందుకే యూపీఎస్ వదలకండి.) క్యూలో 10,000 ఫ్లోఫైళ్ళు గానీ 1 జీబీ గానీ నిండిందంటే ఆ క్యూలోకి పంపే ప్రాసెసర్‌ని నైఫైయే ఆపేస్తుంది, గీత మీద రంగు మారుతుంది. కొత్తవాళ్ళు అది చూసి ఆగిపోయిన ప్రాసెసర్‌నే ఆన్ ఆఫ్ చేస్తా కూర్చుంటారు, కానీ రోగం దాని తర్వాత ఉండే బాక్సులో ఉంటుంది, అది చూడాల.

క్యూ మీద రైట్ క్లిక్ కొట్టి లిస్ట్ క్యూ అంటే ఏ రైతు స్లిప్పు ఇరుక్కుందో లోపల విప్పి చూడొచ్చు, డేటా ప్రోవెనెన్స్ (డేటా నడిచిన దారి రికార్డు)లో అది ఏయే బాక్సులు దాటిందో వరసగా కనిపిస్తుంది, కంటెంట్ ఇంకా ఆర్కైవ్‌లో (పాత కాపీలు దాచేచోట) ఉంటే రీప్లే కొట్టి మళ్ళీ నడిపించొచ్చు కూడా. రైతు వచ్చి నా లోడు లెక్కలో లేదు అని నిలదీసినప్పుడు ఇదే మనకి దిక్కు, నోడ్-రెడ్‌లో ఇట్లాంటిది మనమే కట్టుకోవాల.

నైఫైలో తగిలే దెబ్బలు కూడా చెప్తా. ప్రాసెసర్ ఫెయిల్యూర్ దారిని (పని కుదరని డేటా వెళ్ళే దారి) ఆటో టర్మినేట్ టిక్ పెట్టేస్తే స్క్రీన్ మీద హెచ్చరిక గుర్తు పోతుంది నిజమే, దాంతో పాటే డేటా కూడా పోతుంది. ఫెయిల్యూర్‌ని వేరే క్యూకి మళ్ళించి ఆపి పెట్టండి, నైఫై 1.16 వెర్షన్ నుంచి రిట్రై సెట్టింగు కూడా ప్రాసెసర్లోనే ఉంది. ఫోల్డర్ నుంచి ఫైళ్ళు తీసుకునే గెట్‌ఫైల్ ప్రాసెసర్ వాడితే కీప్ సోర్స్ ఫైల్ డిఫాల్ట్ ఫాల్స్, అంటే చదివినాక ఒరిజినల్ ఫైల్ చెరిపేస్తుంది, అది వద్దనుకుంటే లిస్ట్‌ఫైల్, ఫెచ్‌ఫైల్ జత వాడండి. డిస్క్ సగం దాటి నిండితే కంటెంట్ ఆర్కైవ్ లిమిట్ తగిలి మొత్తం ఫ్లో నిలబడిపోవచ్చు, సీసీటీవీ రికార్డింగులు అదే డ్రైవులో పెట్టేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. పాత 1.x వెర్షన్లలో జావా హీప్ (నైఫైకి కేటాయించే మెమరీ) తక్కువతోనే వస్తుంది, బూట్‌స్ట్రాప్ ఫైల్లో పెంచుకోవాల, పాత 4 జీబీ డెస్క్‌టాప్ మీద పెట్టి నిదానంగా ఉందని తిట్టుకోవడం అన్యాయం.

నైమ్ అని ఇంకోటి ఉంది, జర్మనీలో కాన్‌స్టాంజ్ యూనివర్సిటీలో మొదలైంది, ఏ నోడ్ పని ఎంతవరకు వచ్చిందో దాని కింద ఎరుపు పసుపు పచ్చ లైట్లు చూపిస్తాయి. సీజన్ అయిపోయాక గ్రామం వారీగా ఎంత కాయ వచ్చింది అని లెక్కలు తీయడానికి బాగుంటుంది, గేటు దగ్గర 24 గంటలూ నడపడానికి కాదు.

రైతుల పేర్లు తెలుగులో ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయని పై మూడింటినీ తిట్టొద్దు, ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడే అక్షరాలు పోయుంటాయి, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేయాల.

మరి ఏది మేలు అంటే, నా ఓటు రెండూ కలిపి: కాటా పక్కన రాస్ప్‌బెర్రీ పై మీద నోడ్-రెడ్, అది చదివిన ప్రతి బరువూ ముందు లోకల్ ఫైల్లో రాసి ఆ తర్వాతే పంపాల, ఆఫీసులో నైఫై ఆ ఫైళ్ళు తీసుకుని డేటాబేస్‌లో వేయాల. ఒక్కటే పెట్టగలం, మిషను కూడా చిన్నది అంటే నోడ్-రెడ్, కానీ లోకల్ ఫైల్ షరతు తప్పనిసరి. టెంపరేచర్ చూసుకోవడం వరకే అయితే నైఫై జోలికి పోవద్దు. డబ్బు లెక్క ఉన్నచోట, 8 జీబీ ర్యామ్ మిషను దొరికితే, నైఫై వదలొద్దు. కొత్తగా పెట్టేవాళ్ళు నైఫై 2.x వెర్షన్ వేసుకోండి, దానికి జావా 21 కావాల, టెంప్లేట్లు తీసేశారు కాబట్టి పాత వీడియోల్లో ఇచ్చే టెంప్లేట్ ఎక్స్ఎంఎల్ ఎక్కదు, ఫ్లో డెఫినిషన్ జేసన్ ఫైలే దిగుమతి చేసుకోవాల.