పాజ్ నొక్కుతూ చూడాల్సిన సినిమా: ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’, క్యాసెట్ నుంచి 4కే దాకా

‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ 1985 జులైలో విడుదలైంది. ఆ తర్వాత వీహెచ్‌ఎస్ క్యాసెట్, డీవీడీ, బ్లూరే, 4కే అంటూ ఇంటి తెరకు ఎన్ని రూపాల్లో రావచ్చో అన్ని రూపాల్లోనూ వచ్చింది. ఈ నాలుగింటినీ అరిగేదాకా చూశాక రాస్తున్న సమీక్ష ఇది. కథ తెలిసినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తెలియనివాళ్ళకు ఒక్క ముక్క: మార్టీ అనే కుర్రాడు, శాస్త్రవేత్త డాక్ బ్రౌన్ కాలయంత్రంగా మార్చిన డెలోరియన్ కారులో 1985 నుంచి 1955కి వెళ్ళి, అక్కడ కుర్రవయసులో ఉన్న తన తల్లిదండ్రులు జార్జ్, లొరేన్‌లను కలుస్తాడు. మళ్ళీ చూడాలనుకుని, ఏ డిస్కు పెట్టాలి, టీవీలో ఏ సెట్టింగ్ మార్చాలి అని తటపటాయిస్తున్నవాళ్ళకు ఇది ఉపయోగపడుతుంది.

ముందు నా కొలబద్ద ఏమిటో చెప్పాలి. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, బాబ్ గేల్ కలిసి రాసిన ఈ స్క్రిప్టులో దాదాపు ప్రతి వస్తువూ రెండుసార్లు పనికొస్తుంది. మొదటిసారి ఏ మూలనో ఊరికే పడి ఉంటుంది. రెండోసారి కథే దాని మీద తిరుగుతుంది. ఆ మొదటిసారిని మన కంటికి ఎంత బాగా ఆనిస్తుందన్నదే ఈ సినిమా విషయంలో డిస్కు నాణ్యత. రంగులు, ధగధగలు ఆ తర్వాతి సంగతి.

మొదటి షాటే తీసుకోండి. డాక్ బ్రౌన్ ఇంట్లో కెమెరా గడియారాల మీదుగా నెమ్మదిగా జరుగుతుంది. వాటిలో ఒకదాని ముల్లు పట్టుకుని ఒక చిన్న బొమ్మ మనిషి వేలాడుతుంటాడు, మూకీల కాలపు హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ పద్ధతిలో. సినిమా చివర్లో గంటస్తంభం ముల్లు పట్టుకుని డాక్ వేలాడబోతున్నాడని అక్కడే చెప్పేశారు. పక్కనే ఫ్రేము కట్టిన పత్రికలో బ్రౌన్‌గారి భవనం కాలిపోయిన వార్త. టీవీలో ప్లుటోనియం దొంగతనం వార్త. మార్టీ కాలితో నెట్టిన స్కేట్‌బోర్డు వెళ్ళి తగిలేది ఆ ప్లుటోనియం పెట్టెకే. ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పకుండానే నడుస్తుంది. వీహెచ్‌ఎస్‌లో ఆ గడియారాలు గుండ్రటి మసకలు, పత్రిక ఒక పసుపు మరక. డీవీడీలో పత్రిక అని తెలుస్తుంది. శీర్షిక హాయిగా చదవాలంటే బ్లూరే కావాలి. 4కేలో వేలాడే బొమ్మను వెతుక్కోవాల్సిన పని లేదు, అదే కనబడుతుంది.

ఇలాంటివి సినిమా నిండా ఉన్నాయి. అర్ధరాత్రి పార్కింగ్ స్థలం దగ్గర బోర్డు మీద ‘ట్విన్ పైన్స్ మాల్’ అని ఉంటుంది. ఒకప్పుడు ఈ భూమంతా ముసలాయన పీబాడీదనీ, ఆయనకు పైన్ చెట్లు పెంచే పిచ్చి ఉండేదనీ డాక్ మాటల్లో అనేసి వెళ్ళిపోతాడు. 1955లో మార్టీ పారిపోతూ రెండు మొక్కల్లో ఒకదాన్ని కారుతో తొక్కించేస్తాడు. తిరిగి వచ్చేసరికి బోర్డు ‘లోన్ పైన్ మాల్’. దీని గురించి సినిమాలో ఎవరూ మాట్లాడరు. 1955 ఊరి కూడలిలో సినిమా హాలు బోర్డు మీద రొనాల్డ్ రీగన్ పేరు ముందే కనిపిస్తుంది. 1985లో అధ్యక్షుడెవరని డాక్ అడిగే జోక్ పేలేది దాంతోనే. ఎరువు లారీ మీద డి. జోన్స్ అన్న పేరుంది. మూడో భాగంలో, 1885లో, అదే ఎరువు బండి మీద ఎ. జోన్స్. స్టాట్లర్ల దుకాణం 1885లో గుర్రాలు, 1955లో స్టూడ్‌బేకర్లు, 1985లో టొయోటాలు అమ్ముతుంది. గంటస్తంభం గడియారం కింది అంచును 1955లో డాక్ కాలు విరగ్గొడుతుంది. 1985కి తిరిగొచ్చాక ఆ అంచు విరిగే ఉంటుంది. ఈ చివరిది నాకు బ్లూరే వచ్చేదాకా కనబడనే లేదు.

కాబట్టి రిమోట్‌లో పాజ్ బటన్ ఎలా పనిచేస్తుందన్నది ఇక్కడ పెద్ద విషయం. వీహెచ్‌ఎస్‌లో పాజ్ నొక్కితే తెర మీద గీతలు పడతాయి. పైగా హెడ్ ఒకేచోట టేపును రుద్దుతూ ఉంటుంది కనుక, కాసేపటికి ప్లేయర్ తనంతట తనే ఆపేస్తుంది. అమెరికా, జపాన్‌లలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతి డీవీడీలో తిప్పలు వేరు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను అరవై ఫీల్డుల్లో (ఒక్కో ఫీల్డులో బొమ్మలోని సగం గీతలే ఉంటాయి) సర్దడానికి ఒక ఫ్రేమును రెండు ఫీల్డులు, తర్వాతి దాన్ని మూడు ఫీల్డులుగా పరుస్తారు. దాంతో ప్రతి ఐదు వీడియో ఫ్రేముల్లో రెండు, పక్కపక్క సినిమా ఫ్రేముల కలగాపులగంగా వస్తాయి. ఆ చోట పాజ్ పడితే అంచులు దువ్వెన పళ్ళలా చీలతాయి. ప్లేయర్ మెనూలో స్టిల్ మోడ్ ఉంటే దాన్ని ‘ఫీల్డ్’కు మార్చండి. నిలువు వివరం సగమవుతుంది కానీ బొమ్మ వణకదు. లేదా ఒక్కో ఫ్రేమూ ముందుకు జరిపితే రెండు మూడు నొక్కుల్లో శుభ్రమైనది దొరుకుతుంది. బ్లూరే, 4కే డిస్కుల్లో సినిమా 24 ఫ్రేముల్లోనే ఉంటుంది కనుక ఎక్కడ ఆపినా నిఖార్సైన ఫ్రేమే వస్తుంది. ప్లేయర్‌లో 24పీ అవుట్‌పుట్ (ఆ 24 ఫ్రేములనే టీవీకి పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఐరోపా, భారత్ లాంటి చోట్ల వాడిన పాల్ పద్ధతి డీవీడీ ఉన్నవాళ్ళకు ఇంకో చిత్రం. అందులో 24 ఫ్రేములను 25గా తిప్పుతారు. 116 నిమిషాల సినిమా సుమారు 111 నిమిషాల్లో అయిపోతుంది. కాలయానం సినిమాకే కాలం కుదించుకుపోవడం సరదాగానే ఉంటుంది కానీ, శ్రుతి కూడా పెరుగుతుంది. మాటల్లో పెద్దగా తెలియదు. డాన్స్ హాలు పాటల్లో, అలన్ సిల్వెస్ట్రి సంగీతంలో మాత్రం, అసలు శ్రుతి అలవాటైన చెవికి వెంటనే పట్టుబడుతుంది.

ఇక క్యాసెట్. దానికున్న ప్రత్యేకత ఒక్కటే. 1986లో వచ్చిన వీహెచ్‌ఎస్‌లో చివర్న కారు ఎగిరిపోయాక ‘టు బీ కంటిన్యూడ్’ అని పడుతుంది. థియేటర్లో ఆ అక్షరాలు లేవు. అప్పటికి రెండో భాగం ఆలోచనే గట్టిగా లేదు. ఆ చివరి సీను ఒక జోక్‌గా రాసుకున్నదే. 2002 డీవీడీ నుంచి ఆ అక్షరాలు తీసేశారు. క్యాసెట్‌లో చూసి పెరిగినవాళ్ళు “డిస్కులో చివర్న ఏదో కోసేశారు” అనుకోవడం సహజమే గానీ, కోతేమీ లేదు, క్యాసెట్‌లో కలిపినదే తీసేశారు.

2002 డీవీడీ సెట్ సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ సినిమాలను 35 ఎంఎం ఫ్రేమును ఎక్కువ భాగం పూర్తిగా తెరిచే చిత్రీకరించారు. థియేటర్లో పైనా కిందా మూసి 1.85:1 నిష్పత్తిలో చూపించేవారు. డిస్కు తయారుచేసేటప్పుడు ఆ కిటికీని షాటు షాటుకూ సరిగ్గా కూర్చోబెట్టాలి. అమెరికాలో వచ్చిన వైడ్‌స్క్రీన్ సెట్‌లో రెండు, మూడు భాగాల్లో కొన్ని షాట్లకు అది తప్పింది. బొమ్మ అవసరానికి మించి దగ్గరకొచ్చింది, లేదా పైకో కిందకో జరిగింది. యూనివర్సల్ తర్వాత సరిచేసిన డిస్కులను మార్చి ఇచ్చింది. వాటి ముఖం మీద చిన్న అక్షరాల్లో ‘వీ2’ అని ఉంటుంది. అది కనబడకపోతే ఆ రెండు డిస్కులూ వదిలేయండి. మొదటి భాగానికి ఈ బెడద లేదు.

డీవీడీ సెట్‌ను ఇప్పటికీ ఉంచుకోదగ్గది అందులోని అదనపు సరుకు కోసం. గేల్, నిర్మాత నీల్ కాంటన్ కలిసి చెప్పిన కామెంటరీ ఒకటి. జెమెకిస్, గేల్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులిచ్చిన రికార్డింగ్ ఇంకొకటి. రెండోదే మెరుగు. స్క్రిప్టులో ఏ ముడి ఎందుకు వేశారో తిన్నగా చెబుతారు. తొలగించిన సీన్లు కూడా చూడండి. రాత్రిపూట జార్జ్ గదిలోకి మార్టీ గ్రహాంతరవాసి వేషంలో వెళ్ళే సీను అసలు నిడివి అక్కడ తెలుస్తుంది. సినిమాలో మార్టీ నడుముకు హెయిర్ డ్రయర్ ఎందుకు దోపుకున్నాడన్న అనుమానం అక్కడ తీరుతుంది. ఇవి తర్వాతి సెట్లలోకీ వచ్చాయి కనుక కేవలం వీటికోసం డీవీడీ కొనక్కర్లేదు.

2010 బ్లూరే చాలామందికి సరిపోతుంది. పగటి సీన్లు బాగుంటాయి. కానీ ముఖాల మీద గ్రెయిన్ (ఫిల్ముకు సహజంగా ఉండే రేణువులు) కాస్త తుడిచినట్టుంటుంది, అంచులకు పదును కాస్త ఎక్కువ. దగ్గరగా కూర్చుని పెద్ద తెర మీద చూస్తే చర్మం మైనంలా అనిపించే షాట్లున్నాయి. 2020 4కే డిస్కులో గ్రెయిన్ గ్రెయిన్‌లాగే ఉంది. వెలుగునీడల తేడాను మరింత బాగా చూపించే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 రెండూ ఉన్నాయి. వాటి వల్ల బాగుపడింది ముఖ్యంగా రాత్రి సీన్లు: స్టెయిన్‌లెస్ స్టీల్ డెలోరియన్ ఒంటి మీద పడే నీలి వెలుగు, మంటలు పట్టిన టైర్ల జాడలు, మెరుపు. కారులోని మూడు వరసల అంకెలు, చేరాల్సిన కాలం ఎరుపు, ఉన్న కాలం ఆకుపచ్చ, బయల్దేరిన కాలం పసుపు, బ్లూరేలో వెలుగు ఎక్కువై చెదిరినట్టుండేవి. ఇక్కడ అంకె అంకెగా విడివిడిగా కనిపిస్తాయి. డాక్ ఉదాహరణకని నొక్కే 1776 జులై 4 కూడా ఇప్పుడు కళ్ళు చికిలించకుండా చదవొచ్చు.

అంత స్పష్టతకు మూల్యం ఉంది. 17 ఏళ్ళ పాత్రలూ 47 ఏళ్ళ తల్లిదండ్రులూ ఒకే నటులు. ఆ వయసు మేకప్ 1985 థియేటర్ కాపీలకు సరిపోయేలా వేసినది. 4కేలో లొరేన్‌గా వేసిన లీ థాంప్సన్ బుగ్గల దగ్గర అతుకు తెలుస్తుంది. డాక్, మార్టీ కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయే మంటల షాటులో వాళ్ళిద్దరూ వెనక దృశ్యానికి కాస్త విడిగా నిలబడి ఉంటారు. స్టేజీ మీద మార్టీ చెయ్యి పారదర్శకమయ్యే షాటు పూర్తిగా ఆప్టికల్ పని. ఫిల్మును మళ్ళీ ఫిల్ము మీదకు ఎక్కించినది కనుక ఆ కాసేపూ గ్రెయిన్ బరువెక్కి, రంగు పాలిపోతుంది. ఇది డిస్కు లోపమనుకుని సెట్టింగులు కెలకొద్దు, నెగటివ్‌లోనే అంతే. నా వరకు ఇవి అడ్డు కాదు. వీటిని కంప్యూటర్‌తో సవరించి ఉంటేనే బాధపడేవాణ్ణి.

టీవీ సంగతి. ఫ్రేముల మధ్య టీవీ సొంతంగా కొత్త ఫ్రేములు పుట్టించే మోషన్ స్మూతింగ్ పూర్తిగా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే స్కేట్‌బోర్డ్ ఛేజ్ సీరియల్ షూటింగ్‌లా కనిపిస్తుంది, ఆప్టికల్ షాట్ల అంచుల్లో మరకలు పుడతాయి. బొమ్మను కాస్త పెద్దది చేసి చూపే ఓవర్‌స్కాన్ తీసేయండి, లేకపోతే అంచుల్లో ఉన్న బోర్డులు, పోస్టర్లు తెగిపోతాయి. షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ సున్నాకు. హెచ్‌డీఆర్‌లో మాల్ సీను మరీ చీకటిగా ఉంటే బ్రైట్‌నెస్ పెంచకండి, నలుపు బూడిదవుతుంది. టీవీలో టోన్ మ్యాపింగ్ (హెచ్‌డీఆర్ వెలుగును టీవీ శక్తికి తగ్గట్టు సర్దడం) ఎంపిక ఉంటే దాన్ని మార్చి చూడండి, గదిలో లైటు తగ్గించండి. వెలుగు పెద్దగా రాని చవక టీవీ అయితే 4కే కన్నా బ్లూరేనే మేలు. నిస్సంకోచంగా అదే పెట్టుకోండి.

ధ్వనికి వస్తే, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కు ఆస్కార్ తెచ్చుకున్న సినిమా ఇది. సుమారు మొదటి 18 నిమిషాల్లో ఆర్కెస్ట్రా వినబడదు, వినిపించేవి పాటలూ గడియారాలే. ట్రక్కులోంచి డెలోరియన్ బయటికొచ్చేటప్పుడు సిల్వెస్ట్రి సంగీతం మొదలవుతుంది. అప్పటిదాకా వాల్యూమ్ పెంచుకుంటూ పోతే అక్కడ ఉలిక్కిపడతారు. 4కేలోని డాల్బీ అట్మాస్ ట్రాక్‌లో ఉరుములు పైనుంచి వస్తాయి. మిగతా సినిమా చాలావరకు ముందు స్పీకర్లలోనే ఉంటుంది, అది నాకు నచ్చింది. గంటస్తంభం దగ్గర గాలి హోరులో డాక్, మార్టీ అరుచుకునే మాటలు సరిగ్గా వినబడకపోతే సెంటర్ స్పీకర్‌ను ఒకటి రెండు డెసిబెల్స్ పెంచండి. టీవీ స్పీకర్లే ఉన్నవాళ్ళు ప్లేయర్‌లో స్టీరియో అవుట్‌పుట్, డైనమిక్ రేంజ్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా) తగ్గించే ఎంపిక పెట్టుకుంటే చాలు.

సినిమా ఎలా నిలబడింది? తర్కం గురించి చాలా వాదనలున్నాయి. మార్టీ దగ్గరున్న ఫొటోలో ముందు అన్న, తర్వాత అక్క, చివరికి మార్టీ చెరిగిపోవడం భౌతికశాస్త్రం ప్రకారం అర్థం లేనిది. గతం మారితే అందరూ ఒక్కసారే పోవాలి. కానీ ఆ ఫొటో తెర మీద ఇంకో గడియారం. గంటస్తంభం మీద పిడుగు పడే నవంబర్ 12 రాత్రి 10:04 అన్న గడువుతో పాటు అదీ టిక్కుటిక్కుమంటుంది కనుక ప్రశ్న అడిగే తీరిక మనకుండదు. 1955 స్టేజీ మీద మార్టీ వాయించే గిటార్ అప్పటికింకా తయారే కాలేదన్న తప్పు కూడా అలాగే దాటిపోతుంది. నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ముగింపే. జార్జ్ ధైర్యం తెచ్చుకున్నందుకు బహుమానం కొత్త ఫర్నిచర్, కొత్త ట్రక్కు, చాకిరీ చేసే పాత రౌడీ బిఫ్. లొరేన్ మీద కారులో దౌర్జన్యం చేయబోయినవాడే ఆ ఇంటి కారుకు పాలిష్ చేస్తూ తిరగడం మింగుడుపడదు. పిల్లలతో చూసేవాళ్ళు ఆ కారు సీను ముందే గుర్తుంచుకోండి.

రెండో భాగాన్ని వెంటనే, అదే రోజు చూడమంటాను. 1989 నాటికి మార్టీ ప్రియురాలు జెన్నిఫర్ పాత్రకు క్లాడియా వెల్స్ బదులు ఎలిజబెత్ షూ వచ్చింది. అందుకని మొదటి భాగం చివరి సీనునే మళ్ళీ కొత్తగా తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, భవిష్యత్తులో తామేమైనా తేడాగా తయారవుతామా అని మార్టీ అడిగినప్పుడు డాక్ జవాబులో ఒక చిన్న తడబాటు కొత్తగా చేరింది. అదే డాన్స్ రాత్రిని స్టేజీ పైన అటక మీంచి మళ్ళీ చూపించేటప్పుడు పాత షాట్లూ కొత్త షాట్లూ ఎక్కడ కలిశాయో పట్టుకోవడం సరదాగా ఉంటుంది. 4కేలో గ్రెయిన్ తేడా చూస్తే దొరికిపోతుంది. డాక్‌ను పిచ్చాసుపత్రిలో పెట్టారన్న వార్త ఆయనకు సత్కారం జరిగిన వార్తగా మారే పత్రిక షాటు దగ్గర మాత్రం పాజ్ సిద్ధంగా పెట్టుకోండి. అక్షరాలు మారేది క్షణంలోనే.